ఏర్ అంటే నీళ్ళు

ఉట్నూరు వైపు ఏజెన్సీ గూడెంలో ఒకటో తరగతి గది అనుకోండి. జూలై నెల, ఉక్కపోత. ఒక గోండు పిల్లవాడు లేచి నిలబడి ‘ఏర్’ అంటాడు. మైదాన ప్రాంతం నుంచి కొత్తగా వచ్చిన టీచరుకు అది ‘ఏరు’ అని వినబడుతుంది. బడి వెనకాలే వాగుంది. వీడు క్లాసు ఎగ్గొట్టి వాగులో ఆటకు పోతానంటున్నాడనుకుని ఆమె ‘కూర్చో’ అని గదమాయిస్తుంది. వాడు కూర్చుంటాడు. గోండీలో ఏర్ అంటే నీళ్ళు. వాడికి దాహం వేసింది.

నేను కల్పించి చెప్పిన ఈ సంగతిలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఆ టీచరు ఆ పిల్లల కోసం రోజూ రెండు బస్సులు మారి వస్తూ ఉండొచ్చు. అయినా నెల తిరిగేసరికి ఆమె మనసులో ‘మాట వినడు, కుదురుండదు’ అన్న ముద్ర పడుతుంది. పిల్లవాడి మనసులో ‘నీళ్ళడిగితే తిడతారు’ అని పడుతుంది. బదిలీ మీద పోతూ ఆమె తన తర్వాత వచ్చే టీచరుకు ‘వాడితో జాగ్రత్త’ అని చెప్పి పోతుంది. వాడి మీద ముద్ర అలా పైతరగతికి వెళ్ళిపోతుంది, వాడికంటే ముందే.

విద్యాశాస్త్ర పుస్తకాలు దీన్ని సాంస్కృతిక పక్షపాతం అంటాయి. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. మనింటి పద్ధతిని కొలబద్దగా పెట్టుకుని పక్కింటి పిల్లను కొలవడం. పక్షపాతం అనగానే మనకు కావాలని అన్యాయం చేసేవాడు గుర్తొస్తాడు. అలాంటివాళ్ళూ ఉన్నారు, వాళ్ళ కోసం చట్టాలున్నాయి. బలహీన వర్గాల పిల్లల పట్ల బడిలో వివక్ష లేకుండా చూసే బాధ్యతను 2009 విద్యాహక్కు చట్టం ప్రభుత్వం మీదే పెట్టింది. ఇక్కడ నేను మాట్లాడేది మంచి మనసుతో పాఠం చెబుతూనే పిల్లను తప్పుగా చదివే టీచర్ల గురించి. మనలో ఎక్కువమంది ఆ బాపతే.

ఎలా తప్పుగా చదువుతామో చూడండి. తెలంగాణ పల్లెల్లో, ఉత్తరాంధ్ర ఊళ్ళలో చాలా ఇళ్ళలో అమ్మనూ నాన్ననూ తాతనూ కూడా ‘నువ్వు’ అనే అంటారు. అందులో ప్రేమే తప్ప అమర్యాద లేదు. ఆ ఇంటి పిల్లవాడు బడికొచ్చి ‘సార్, నువ్వు నిన్న రాలేదేం?’ అంటాడు. ‘మీరు’ అనే ఇంట్లో పెరిగిన సారుకు చుర్రుమంటుంది. పొగరు అనుకుంటాడు. ఇంకొక ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల వంచుకుని నిలబడటం మర్యాద. ఆ ఇంటి ఆడపిల్ల తల వంచుకుని నిలబడితే ‘ఏమీ చదవలేదు, అందుకే మొహం ఎత్తడం లేదు’ అనుకుంటాడు. ఒకడు మాట్లాడినందుకు పోయాడు, ఒకతె మాట్లాడనందుకు పోయింది.

హాజరు పట్టీ కూడా ఇలాగే అబద్ధం చెబుతుంది. దీపావళి ముందు రోజుల్లో గోండు గూడేల్లో దండారి నడుస్తుంది. నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గుస్సాడీ ఆడే బృందాలు ఊరూరూ తిరుగుతాయి, పిల్లలు వెంట వెళ్తారు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర. ఆ రోజుల్లో పట్టీలో వరసగా ‘ఆ’లు పడతాయి. టీచరు ‘వీళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు’ అని రాస్తాడు. అదే టీచరు సంక్రాంతికి సొంతూరికి వెళ్ళి ఒకరోజు ఆలస్యంగా వస్తే దానికి సెలవు చీటీ ఉంటుంది. మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో గుస్సాడీ కళకే పద్మశ్రీ వచ్చింది. రాష్ట్రపతి భవన్ దాకా వెళ్ళిన విద్య మన పట్టీలో డుమ్మాగా మిగిలింది. రెండు పండగల తేదీలు ముందే తెలుసుకుని ఆ వారం యూనిట్ పరీక్ష పెట్టకుండా ఉండటానికి ఏ జీవో అక్కర్లేదు.

యాస సంగతికొస్తే నాకు కాస్త సొంత గోడు ఉంది. ఏడో తరగతిలో తెలుగు నోటుబుక్కులో ‘మా అమ్మ వస్తాంది’ అని రాశాను. సారు ఎర్రసిరాతో కొట్టేసి ‘వస్తోంది’ అని దిద్దారు. దిద్దడం సరైనదే, పరీక్షలో అలాగే రాయాలి. కానీ కింద ‘మోటు భాష రాయకు’ అని ఒక ముక్క కలిపారు. ఆయన మంచి సారు, మాకోసం ఆదివారాలు కూడా వచ్చేవారు. ఆ ముక్క మాత్రం నాలో ఉండిపోయింది. అప్పటినుంచి సారు ప్రశ్న అడిగితే ముందు జవాబును మనసులో వాళ్ళ భాషలోకి మార్చుకుని, ఆ తర్వాత చెయ్యెత్తేవాణ్ణి. ఈలోగా ఇంకొకడు చెప్పేసేవాడు. నేను మందమతినని క్లాసులో పేరు పడింది. నిజానికి నేను ఒక ప్రశ్నకు రెండు పనులు చేస్తున్నాను.

మన పాఠ్యపుస్తకాల తెలుగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళు మాట్లాడే తీరు చాలావరకు దానికి పునాది. అది పత్రికలకూ పుస్తకాలకూ పనికొచ్చింది, ఒప్పుకోవాల్సిందే. అంతమాత్రాన ‘వస్తాంది’ అనేది ‘వస్తోంది’కి విరిగిన రూపం కాదు. దానికీ ఒక నియమం ఉంది, ఆ నియమం ప్రకారమే లక్షలమంది తప్పు లేకుండా మాట్లాడుతున్నారు. మన సినిమాలు తెలంగాణ యాసను చాలాకాలం రౌడీకో హాస్యగాడికో అంటగట్టాయి. ఆ సినిమాలు చూసి పెరిగిన టీచరు, ఆ యాసలో సైన్సు జవాబు వింటే తెలియకుండానే ఒక మార్కు తక్కువ అంచనా వేస్తాడు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు, బాగానే ఉంది. మర్నాడు సెప్టెంబరు 10న ఎర్రసిరా ఏం రాస్తోందన్నది నా అనుమానం.

ఈ గొడవ అమెరికాలో కోర్టుకే ఎక్కింది. మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్‌లో ఒక ప్రాథమిక పాఠశాలకు మార్టిన్ లూథర్ కింగ్ పేరుంది. పేదల ఇళ్ళ సముదాయం నుంచి ఆ బడికొచ్చే నల్లజాతి పిల్లలు చదవడంలో వెనకబడ్డారు. వాళ్ళు ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు వేరు. బడి ఆ సంగతి చూడకుండా కొందరిని నేర్చుకునే శక్తి తక్కువైనవాళ్ళ జాబితాలో వేసింది. తల్లులు కోర్టుకెళ్ళారు. 1979లో జడ్జి చార్లెస్ జాయినర్ ఇచ్చిన తీర్పు ఇప్పటికీ చదవదగ్గది. పిల్లల భాష అడ్డంకి అని ఆయన అనలేదు. ఆ భాష ఉందని టీచర్లు గుర్తించకపోవడమే అడ్డంకి అన్నాడు. పిల్లల ఇంటి భాషను గుర్తించి, ఆ తెలివిడితో చదవడం నేర్పేలా టీచర్లను తయారుచేసే పథకం వేయమని స్కూలు బోర్డును ఆదేశించాడు. అంటే శిక్షణ పడింది పిల్లలకు కాదు, టీచర్లకు.

క్లాసులో దీనికి చేయగలిగింది సులువే. బోర్డు మీద రెండు వరసలు గీయాలి. ఒకటి ‘ఇంట్లో ఇలా అంటాం’, రెండోది ‘పరీక్షలో ఇలా రాస్తాం’. పిల్లలే రెండు వరసలూ నింపుతారు. ఆనపకాయ ఒకవైపు, సొరకాయ ఒకవైపు. ‘తప్పు’ అనే మాట అక్కడ అవసరమే రాదు. పిల్ల పోగొట్టుకునేదీ లేదు, ఒక మాట అదనంగా సంపాదిస్తుంది.

ఇప్పుడు మార్కుల దగ్గరికి వద్దాం, అసలు నష్టం అక్కడే. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. పిల్లలకు బహుమతుల పరీక్ష పెట్టి ఆ జవాబు పత్రాలను టీచర్లచేత దిద్దించారు. పత్రం మీద ఉండే వయసు, ఆడామగా, కులం వివరాలను మాత్రం లాటరీ పద్ధతిలో మార్చి అంటించారు. అంటే ఒకే నాణ్యత ఉన్న పత్రం ఒకరి చేతికి ఒక కులం పేరుతో, ఇంకొకరి చేతికి ఇంకో కులం పేరుతో వెళ్ళింది. కింది కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు తగ్గాయి. తేడా కొండంత కాదు, ప్రామాణిక విచలనంలో 3 నుంచి 8 శాతం. మామూలు లెక్కలో ఒకటీ అరా మార్కు. ర్యాంకుల మీద జీవితం నడిచే చోట ఆ ఒకటీ అరా ఏం చేస్తుందో తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ ప్రయోగంలో ఇంకో రెండు సంగతులు నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. మొదటిది, ఈ తేడా ప్రధానంగా కనిపించింది పైకులాల వాళ్ళు దిద్దినప్పుడు కాదు, అణగారిన కులాల నుంచే వచ్చినవాళ్ళు దిద్దినప్పుడు. దీన్ని పట్టుకుని ఎవరినో ఎత్తిపొడవడానికి చూడకండి. కొలబద్ద పాతుకుపోతే కొలవబడ్డవాడి చేతిలోనూ అదే ఉంటుంది, అంతే. ‘నేనూ ఆ ఇళ్ళ నుంచే వచ్చాను, నాకు పక్షపాతం ఏమిటి’ అనే ధీమా పనికిరాదు. రెండోది ఇంకా పనికొచ్చే సంగతి. తేడా కట్ట మొదట్లో దిద్దిన పత్రాల్లో ఎక్కువగా ఉంది. మొదట్లో దిద్దేవాడికి ఏ జవాబుకు ఎంత వెయ్యాలో ఇంకా కుదురుకోదు. చేతిలో పక్కా కొలత లేనప్పుడు కన్ను పేరు మీదికి పోతుంది, కులం మీదికి పోతుంది, చేతిరాత మీదికి పోతుంది. కొన్ని పత్రాలు దిద్దాక కొలత కుదురుతుంది, అప్పుడు జవాబే కనిపిస్తుంది.

పబ్లిక్ పరీక్షల పత్రాలు పేరు కనబడకుండా కోడ్ నంబరుతో స్పాట్ వాల్యుయేషనుకు వెళ్ళేది ఇందుకే. బడిలో పెట్టే పరీక్షలకు, ప్రాజెక్టులకు, ఇంటర్నల్ మార్కులకు ఆ ఏర్పాటు లేదు. అక్కడ టీచరుకు పిల్ల తెలుసు, పిల్ల నాన్న తెలుసు, ఇంటిపేరు తెలుసు. మొదటి పేజీ వెనక్కి మడిచి దిద్దడం, ముందే జవాబుకు ఎన్ని మార్కులో కాగితం మీద రాసిపెట్టుకోవడం, అందరి మొదటి ప్రశ్నా అయ్యాకే రెండో ప్రశ్నకు పోవడం, ఇవన్నీ పాతకాలం పంతుళ్ళకు తెలిసిన చిట్కాలే.

ఇదంతా టీచరు వైపు. పిల్లవైపు ఏం జరుగుతుందో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే పజిళ్ళు ఇచ్చారు. ఎవరి కులమూ బయటపెట్టనప్పుడు పైకులం, కిందికులం పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పిల్లల పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం చదివాక దళిత పిల్లలు చేసిన పజిళ్ళు బాగా తగ్గిపోయాయి. పజిల్ అదే, పిల్లవాడూ అదే. మధ్యలో జరిగింది ఒక్క ప్రకటన.

ఇప్పుడు మన బడుల్లో స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు గుర్తు చేసుకోండి. ‘ఎస్సీ పిల్లలు నిలబడండి. ఎస్టీలు. ఇప్పుడు బీసీలు.’ సారుకు అది గుమస్తా పని, త్వరగా తేలిపోవాలి. పదేళ్ళ పిల్లకు అది నలభైమంది ముందు చదివిన చిట్టా. తర్వాతి పీరియడు లెక్కలైతే ఆ పిల్ల ఎలా చేస్తుందో ఉత్తరప్రదేశ్ పజిళ్ళు ముందే చెప్పాయి. ఫారాలు ఒక్కొక్కరినీ స్టాఫ్ రూముకు పిలిచి ఇవ్వొచ్చు. క్లర్కుకు అరగంట ఎక్కువ పడుతుంది. పడనివ్వండి. మధ్యాహ్న భోజనం దగ్గర, ఇంటి నుంచి తెచ్చిన ఎండుచేపల కూర మూత తీసినప్పుడు ముక్కు మూసుకోవడం కూడా ప్రకటనే, నోటితో చేయకపోయినా.

టీచరు అంచనా పిల్ల చదువును మారుస్తుందన్న మాట 1968లో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జేకబ్సన్ పుస్తకంతో లోకమంతా పాకింది. కాలిఫోర్నియాలో ఒక బడి టీచర్లకు ‘ఈ పిల్లలు ఈ ఏడు బాగా పుంజుకుంటారు’ అని కొన్ని పేర్లు ఇచ్చారు. పేర్లు చీటీలు తీసినట్టు ఎంచినవే. ఏడాది చివర చిన్న తరగతుల్లో ఆ పిల్లలు నిజంగానే ముందుకొచ్చారన్నారు. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న దాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. శిక్షణ తరగతుల్లో చెప్పేంత మాయాజాలం అందులో లేదు. అంచనా పనిచేసే దారి మాత్రం కళ్ళకు కనబడేదే. బాగా చదువుతుందనుకున్న పిల్లను ప్రశ్న అడిగి టీచరు కాసేపు ఆగుతాడు. రాదనుకున్న పిల్లను అడిగి, ఊపిరి తీసుకునేలోగా పక్కవాడి వైపు తిరుగుతాడు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసులు రికార్డు చేసి విన్నప్పుడు టీచర్లు సగటున ఒక సెకను పాటే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, అంతవరకు నోరు విప్పనివాళ్ళు విప్పారు. ఆ మూడు సెకన్లూ ఏడో తరగతిలో నాకు దొరికి ఉంటే అనిపిస్తుంది ఒక్కోసారి.

లెక్కల్లో ఈ పొరపాటు మరీ స్పష్టం. సంతలో అమ్మ పక్కన కూర్చుని ముప్పావు కిలో టమాటాలకు ధర కట్టి, ఐదొందల నోటుకు చిల్లర ఇచ్చే పిల్ల, బడిలో భాగహారం దగ్గర ఆగిపోతుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ళ సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కాగితం లేకుండా కష్టమైన బేరాలు తేల్చే ఆ పిల్లలు పాఠ్యపుస్తకం లెక్కల్లో తడబడ్డారు. బజారు ఎరగని బడిపిల్లలు పుస్తకం లెక్కలు చేసి, బజారు లెక్కల్లో తడబడ్డారు. ఈ రెండో సగం మనకు గుర్తుండదు. మొదటి పిల్లలను ‘లెక్కలు రావు’ అంటాం, రెండోవాళ్ళను ఏమీ అనం.

మరి టీచర్లను మార్చేదెలా? వివక్ష వద్దు అని రెండు గంటలు ఉపన్యాసం ఇచ్చి, టీ, సమోసా పెట్టి పంపితే ఏమీ మారదు. హాల్లో ఉన్న ప్రతివాడూ ఈ మాటలు పక్కవాడికి అనుకుంటాడు. ఇటలీలో పరిశోధకులు ఇంకో దారి పట్టారు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు మార్కులు వేసే టీచర్లకు, కంప్యూటరు మీద పేర్లనూ మాటలనూ వేగంగా జతపరిచే పరీక్ష పెట్టారు. లోపల ఎటువైపు మొగ్గు ఉందో అది కొంతవరకు చూపిస్తుంది. కొందరికి తమ ఫలితం మార్కులు వేయడానికి ముందే చెప్పారు, కొందరికి తర్వాత చెప్పారు. ముందే తెలిసినవాళ్ళు వలస పిల్లలకు మెరుగైన మార్కులు వేశారు. ఎవరూ తిట్టలేదు, నీతి చెప్పలేదు. వాళ్ళ అద్దం వాళ్ళకే చూపించారు.

ఆ అద్దం మన దగ్గర కాగితంతోనే చేసుకోవచ్చు. ఒక వారం పాటు జేబులో క్లాసు పేర్ల జాబితా ఉంచుకుని, ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆ పేరు పక్కన ఒక గీత పెట్టండి. మెచ్చుకున్నప్పుడు చుక్క, కసిరినప్పుడు అడ్డగీత. శనివారం ఆ కాగితం ఒక్కరే కూర్చుని చూసుకోండి, హెడ్మాస్టరుకు చూపించనక్కర్లేదు. గీతలు ముందు బెంచీల్లోనే గుంపుగా పడి ఉంటాయి. ఏ పేర్ల పక్కన ఖాళీ ఉందో, ఆ పేర్లు ఏ వాడవో, ఏ ఇంటిభాషవో మీకే తెలుస్తుంది.

ఇంటికి వెళ్ళడం రెండో దారి. అమెరికాలో మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న టూసాన్‌లో లూయిస్ మోల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు టీచర్లను పిల్లల ఇళ్ళకు పంపారు. ఫిర్యాదు చేయడానికి కాదు, ఆ ఇంట్లో ఏమేం పనులు వచ్చో తెలుసుకోవడానికి. వ్యవసాయం, మరమ్మతులు, మందుమొక్కలు, సరిహద్దు దాటి సాగే చిన్న వ్యాపారాలు బయటపడ్డాయి. టీచర్లు వాటినే పాఠాలుగా మలిచారు. తెలంగాణలో ప్రతి జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు ఎలాగూ ఇంటింటికీ తిరుగుతారు. చేతిలో ఫారం ఉంటుంది, ఆధార్ నంబరు రాసుకుని వచ్చేస్తారు. ఆ ఫారం సంచిలో పెట్టి పది నిమిషాలు అరుగు మీద కూర్చుంటే చాలు. వాళ్ళిచ్చిన టీ తాగితే ఇంకా మంచిది.

పేర్ల సంగతీ ఒకటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు, అక్కడి టీచరు మా వాడి పేరు పలకలేక ‘వెంకీ’ చేసిందని ఫోన్లో వాపోతుంటారు. వాళ్ళ బాధ నిజమే. ఇక్కడ గోండు, కోయ, చెంచు పిల్లల పేర్లు బడిలో చేర్చుకునే రోజే ‘మంచి పేరు’గా మారిపోయి రిజిస్టరులోకి ఎక్కుతుంటే మనకు ఆ బాధ రావడం లేదు.

భారమంతా టీచరు నెత్తిన పెట్టడం మాత్రం అన్యాయం. సవర గూడానికి సవర రాని టీచరును పంపి, ఏ సాయమూ ఇవ్వకుండా, పిల్లలకు చదువు రాలేదని ఆ టీచరును అడిగితే ఆమె ఏం చేస్తుంది? ప్రభుత్వాలకు దారి తెలియదని కాదు. 1940లలోనే మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, ఆయన భార్య మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించారు, గోండీలో వాచకాలు వేయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు వచ్చాయి. మొదలుపెట్టడం మనకు బాగా వచ్చు. కొనసాగించడం దగ్గరే ప్రతిసారీ సొమ్మసిల్లుతాం.

ఆ మాటకొస్తే వీళ్ళందరికంటే ముందే ఈ పని చేసింది ఒక తెలుగు బడిపంతులు. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల సవరలు సంతకు వస్తే వాళ్ళ మాట అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడం వాళ్ళ లోపం అని ఆయన అనుకోలేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడి పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, సవర ఊసెత్తం. గ్రాంథికం అనే బెత్తాన్ని ఆయన విరిచారు. మనం శిష్టవ్యావహారికాన్ని కొత్త బెత్తంగా చేసుకున్నాం.

ఈ వారం యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దుతున్న టీచర్లకు ఒక మనవి. కట్ట మొత్తం అయ్యాక మొదటి పది పేపర్లు మళ్ళీ పైకి తీసి, పేరు మడిచి, ఇంకోసారి దిద్దండి. ఇరవై నిమిషాలు పడుతుంది.